కొత్త జుట్టు వచ్చేదాకా

హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ షెడ్లకు కొదవ లేదు. అక్కడ పని నేర్పే మేస్త్రీ ఎవరైనా కుర్రాళ్లకు చెప్పేది ఒకటే: కొలత చూసుకుని కోత పెట్టు, చెక్కేసింది మళ్లీ అతుక్కోదు. ఇనుమునైతే కనీసం వెల్డింగ్‌తో నింపి మళ్లీ తిప్పుకోవచ్చు. వెంట్రుకకు ఆ దారి కూడా లేదు.

పొద్దున బాలానగర్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి రాయదుర్గం బండి పట్టుకునే ఆడపిల్లల్లో ఎంతమంది జుట్టో చివర్లు ఎండి, వేయించుకున్న రంగు కొట్టుకుపోయి, రాగిరంగుకు తిరిగి కనిపిస్తుంది. రంగు వేసుకోవడం తప్పని నేననను. ముచ్చటపడే వయసు, చేతిలో మొదటి జీతం. నాకు బాధ కలిగించేది ఆ తర్వాత జరిగేది.

అలా రంగు వేయించుకున్న మా అక్క కూతురు మొన్న తలస్నానం చేసి వచ్చి, "చిన్నమ్మా, దువ్వెన పెడితే చాలు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, బట్టతల వస్తుందా?" అని ఏడుపుమొహం పెట్టింది. దువ్వెనలోని వెంట్రుకలు తెల్లకాగితం మీద పరిచి చూశాం. కుదుళ్లనుంచి ఊడిన వెంట్రుకైతే ఒక కొసన సన్నని తెల్లబుడిపె ఉంటుంది. వీటిలో చాలావాటికి అది లేదు, పొడవులు కూడా తలా ఒక తీరు. అంటే ఊడడం కాదు, మధ్యలో తెగడం. తడిగా ఉన్న ఒక వెంట్రుకను రెండు కొసలా పట్టుకుని మెల్లగా లాగాను. ఆరోగ్యమైనదైతే తడిలో దాదాపు 30 శాతం సాగి వెనక్కి వస్తుంది. ఇది సాగింది, సాగినట్టే ఉండిపోయింది, తెగింది. "కుదుళ్లకేం కాలేదు బిడ్డా, కొత్తది వస్తుంది" అన్నాక గానీ దాని మొహం తేటపడలేదు.

మన నల్లజుట్టులో మెలనిన్ దండిగా ఉంటుంది. దాన్ని ఫోన్‌లో చూపించిన బూడిదరంగుకు తేవాలంటే ఎరుపు, నారింజ, పసుపు అన్నీ దాటించాలి. ఒక విడత బ్లీచ్‌కు నారింజ దగ్గరే ఆగిపోతుంది, అందుకని రెండో విడత. హైడ్రోజన్ పెరాక్సైడ్, పెర్‌సల్ఫేట్ పొడి కలిసి మెలనిన్‌తో పాటు కెరటిన్‌ను గట్టిగా పట్టి ఉంచే గంధకపు బంధాలనూ తెంచుతాయి. వెంట్రుకకు పుట్టుకతో ఉండే పల్చని కొవ్వుపొర పోతుంది, పైపొలుసులు లేస్తాయి. ఇక నీళ్లు ఇట్టే లోపలికి పోతాయి, రంగు అంతే తేలిగ్గా బయటికి వస్తుంది. అపార్ట్‌మెంట్ బోరునీళ్లలోని సున్నం దాని మీద పేరుకుని మరీ బిరుసెక్కిస్తుంది.

ఇలాంటి జుట్టుతో వెళ్తే పార్లర్‌లో చెప్పే మందు, "స్మూథెనింగ్ చేయిద్దాం మేడమ్, సెట్ అయిపోతుంది." దీనికి నేను అస్సలు ఒప్పుకోను. అప్పటికే బంధాలు తెగిన వెంట్రుకకు మళ్లీ మందు పూసి, సలసల కాగే ఇస్త్రీ పెట్టడమది. కొన్నాళ్లు నున్నగా మెరుస్తుంది, ఆ తర్వాత పాయలు పాయలుగా తెగుతుంది. పిల్ల భయాన్ని సొమ్ము చేసుకోవడం తప్ప అందులో వైద్యమేమీ లేదు.

పనికొచ్చేవి లేకపోలేదు. తెగిన బంధాలను కలుపుతామంటూ 2014లో ఓలాప్లెక్స్ వచ్చాక ఆ కోవ మందులు చాలా వచ్చాయి. బ్లీచ్ చేసేటప్పుడే వాడితే నష్టం కొంత తగ్గుతుంది, పోయినదంతా మాత్రం తిరిగి రాదు. మన కొబ్బరినూనె సంగతి 2003లో రేలే, మోహిలే అనే పరిశోధకులు ప్రచురించారు. వాళ్లు ఆ నూనె అమ్మే మారికో కంపెనీవాళ్లే, ఆ మాటా గుర్తుంచుకోవాలి. బ్లీచ్ చేసిన జుట్టుకు కూడా తలస్నానానికి ముందు పట్టిస్తే ప్రోటీన్ నష్టం తగ్గిందనీ, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదనీ వాళ్లు చూపించారు. దానికి కారణం లారిక్ ఆమ్లం, అది వెంట్రుక లోపలికి దిగగలదు. అందుకే మా పిల్లకు చెప్పాను: తలంటుకు ముందురాత్రి నూనె పెట్టు, ఘాటు షాంపూ మానెయ్, కండిషనర్ మరిచిపోకు, చివరి చెంబు మంచినీళ్లు పోసుకో, తువ్వాలుతో రుద్దొద్దు, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసలనుంచి పైకి చిక్కు తియ్, ఇస్త్రీ పెట్టెను అటక మీద పడెయ్. రంగు నచ్చలేదని దాని మీదే ఇంకోటి వేయించుకోకు.

తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను పొడవు ప్రకారం వేరుచేసి వేలం వేస్తారు. విగ్గుల వ్యాపారులు ఆ జుట్టు కోసం పోటీ పడడానికి ఒక కారణం, అందులో చాలాభాగం ఏ రంగూ మందూ తగలనిది కావడమే. అంత విలువైనది మన పిల్లల నెత్తిన పుట్టుకతోనే ఉంది.

మిగిలిన మందు కత్తెర. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కుదుళ్లనుంచి భుజాలు దాటాలంటే రెండేళ్లకు పైనే. "పెళ్లిచూపులకు జడ లేకపోతే ఎట్లా?" అని మా అక్క గొడవపెట్టింది. తెగి తెగి పీలికలైన జడ కన్నా మెడదాకా ఒత్తుగా ఉన్న జుట్టే అందమని నా వాదన. పిల్ల ఇద్దరి మాటా సగం సగం విని భుజాలదాకా కత్తిరించుకుంది. రాగిరంగు కొసన ఇంకా నాలుగువేళ్లు ఉంది. రెండు నెలలకోసారి కొంచెం కొంచెంగా తీయించుకుంటానంది.