రేపు రాద్దామనుకున్న పాట



ఒకప్పుడు పల్లెల్లో ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ, రేపు రా" అని సుద్దతోనో బొగ్గుతోనో రాసిపెట్టేవారు. దయ్యము ఆ మాట చదివి వెళ్లిపోతుందనీ, మరునాడు వచ్చినా మళ్లీ అదే చదువుతుందనీ వారి నమ్మకము. విశ్వాసులమైన మనము అటువంటివి నమ్మము. గాని మనస్సులో ఒక పాట పుట్టినప్పుడు, క్రిస్మసుకు నాటిక రాయాలనిపించినప్పుడు, మన పెద్దల సాక్ష్యము కాగితము మీద పెట్టాలనిపించినప్పుడు దానికి మాత్రము "రేపు రా" అనే చెబుతాము. అదీ బుద్ధిగా వెళ్లిపోతుంది.

మా గోపాలపట్నం సంఘములో ఇటువంటివారిని చాలామందిని ఎరుగుదుము. స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవారు, రైల్వేవారు, సింహాచలం స్టేషను దగ్గర చిన్న కొట్టు పెట్టుకున్నవారు. వీరిలో పాట కట్టగలవారున్నారు, బుర్రకథ చెప్పగలవారున్నారు. వీరిని సోమరులనడానికి మాకు నోరు రాదు. సామెతల గ్రంథములోని చీమను చూపి గద్దించడము తేలికే. రాత్రి డ్యూటీ దిగివచ్చి, పిల్లలను బడికి పంపి, అప్పుడు కునుకు తీసే మనిషికి ఆ చీమ కొత్తగా ఏమి నేర్పుతుంది? వీరి వాయిదాకు కారణము చాలాసార్లు బద్ధకము కాదు, ఆ పని మీద ఉన్న గౌరవమే. దేవునికిచ్చే పాట గదా, తీరికగా, లోపము లేకుండా రాయాలనుకుంటారు. ఆ తీరిక రాదు. గాలిని చూస్తూ విత్తనము చల్లక కూర్చునేవాని గురించి ప్రసంగి చెప్పింది మన రైతు సహోదరులకు విప్పి చెప్పనక్కరలేదు.

మన విశాఖపట్నం చరిత్రనే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు పంపగా జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు సేవకులు ఇక్కడికి వచ్చారు. భాష రాదు, నేర్చుకోవాలి. బడి నడపాలి, ఆరాధనలు జరపాలి, ఈ ఎండలు తట్టుకోవాలి. వీటి మధ్యనే సువార్తలను తెలుగులోకి తేవడము మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడ్పడ్డాడు. 1809లో క్రాన్ గారు మరణించారు, 1810లో డెస్ గ్రాంజెస్ గారు. అంటే వారికి దొరికింది ఐదేళ్లు. తెలుగు బాగా వచ్చాక మొదలుపెడదామని ఆగి ఉంటే ఆ ఐదేళ్లు అక్షరమాలతోనే గడిచిపోయేవి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. చేసినవారు ఆ పుస్తకమును కళ్లతో చూడలేదు. ఆ తరువాత ఇక్కడే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ గారి కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. పిమ్మట వచ్చినవారు ఎన్నోసార్లు సవరించారు. మొదటిది ఉంటేనే గదా సవరణ!

సి.పి. బ్రౌన్ దొరగారు కూడా జీతము తీసుకున్నది కంపెనీ కొలువుకే. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆయన వెలువరించినది ఆ కచేరీ పనులు చేసుకుంటూనే.

ఇక మా సంఘములోని సంగతి. ఒక మామ్మగారు ఉండేవారు. చదువు లేదు. వరి నాట్లప్పుడు కూలికి వెళ్లిన రోజుల నుండి సొంతముగా కట్టుకున్న పాటలు ఆమె నోట ఎన్నో ఉండేవి. "రాయిస్తాను, రాయిస్తాను" అని మనుమడు నాలుగేళ్లుగా అంటున్నాడు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురము వైపు విషవాయువు వ్యాపించినప్పుడు ఆ కుటుంబము కట్టుబట్టలతో పరుగెత్తింది. దేవుని కృపవలన అందరూ బ్రతికారు. వారము తరువాత ఆ అబ్బాయి వచ్చి, "అయ్యగారూ, ఆ రోజు మామ్మకేమన్నా అయితే ఒక్క పాటా మిగిలేది కాదు" అని తల వంచుకున్నాడు.

అప్పుడు ఒక ఒప్పందము చేసుకున్నాము. ప్రతి ఆదివారము సాయంత్రము ఆరు వరుసలు. అంతకు మించవద్దు. మామ్మ ఎలా పాడితే అలాగే లాంగ్ నోటుబుక్కులో రాయాలి, దిద్దడము తరువాత. అతనికి డ్యూటీ పడిన వారము చెల్లెలు రాయాలి. వచ్చే ఆదివారము ఆ పేజీ మాకు చూపాలి. అంతకుముందు అతను సెల్‌ఫోనులో రికార్డు చేసినవీ ఉన్నాయి గాని, వాటిని మళ్లీ విన్నవారు లేరు. మామ్మగారికి ఇదంతా వింతగా ఉండేది. "రాసీడానికేటున్నాది అయ్యగారూ, పాడుకుంటే సాలదేటి?" అనేవారు. పౌలు చెబుతుండగా రోమీయులకు పత్రిక రాసినది తెర్తియు అని చెబితే, "అయితే నా మనవడు తెర్తియన్నమాట" అని నవ్వారు.

కొన్ని వారాలు ఆరుకు మూడే వరుసలయ్యాయి. ఒక నెల అసలు సాగలేదు. మేము గద్దించలేదు; ఆరాధన అయ్యాక గుమ్మము దగ్గర "నోటుబుక్కు ఏదీ?" అని మాత్రము అడిగేవాళ్లము. అడిగేవారుంటారని తెలిస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది. 2022లో మామ్మగారు ప్రభువునందు నిద్రించారు. పుస్తకములో 31 పాటలున్నాయి. చివరిది సగములో ఆగింది. దాన్ని పూర్తిచేయమని కొందరు అన్నారు గాని మనుమడు ఒప్పుకోలేదు. స్త్రీల సమాజమువారు దాన్ని సగముగానే పాడుతున్నారు.

పల్లె సంఘాలవారికి ఒక మాట. నాట్లు అయిపోయి కోతలు రాకముందు కొద్దిపాటి వెసులుబాటు ఉంటుంది. క్రిస్మసు నాటిక రాద్దామనుకునే యౌవనస్థులు డిసెంబరు కోసము చూడవద్దు. అప్పుడు అందరూ కళ్లములోనే ఉంటారు. ఒక్క రంగము, ఎంత వంకరగా ఉన్నా సరే, ఈ ఆదివారము రాసి మీ కాపరిగారి చేతికి ఇవ్వండి. రెండో రంగము ఏదని ఆయనే అడుగుతారు.