వ్యాసం ఎవరి సొత్తు?

విజ్ఞానం ప్రజలందరి సొత్తని వేదికమీద చెప్పని అధ్యాపకుడు మనలో లేడు. ఆ సొత్తును మన చేతులతోనే ఎవరికి రాసి ఇస్తున్నామో మాత్రం మాట్లాడుకోము.

నాట్ల పాటలపై నేను రాసిన వ్యాసాన్ని నిరుడు ఒక పత్రిక అంగీకరించి, సంతకం పెట్టమని ఒక ఫారం పంపింది. ఆ పాటలు పాడినవారు కూలీ స్త్రీలు. నాకు జీతమిచ్చేది ప్రభుత్వ ఖజానా. వ్యాసంమీద సర్వహక్కులూ మాత్రం ప్రపంచమంతటా, శాశ్వతంగా ఆ పత్రికవట! పాట చెప్పిన అవ్వకు ఒక ప్రతి ఇవ్వాలన్నా వారి అనుమతి వుండాలి.

తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక చట్టం తెరవడానికి కొంత జంకాను. తీరా చూస్తే 1957 నాటి కాపీరైటు చట్టం అంత కఠినమైనది కాదు. సామాన్యంగా రచనకు తొలి హక్కుదారు రచయితే. ఆ హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షను ప్రకారం రాత, సంతకం వుండి తీరాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు ఫారంలో అంత శ్రద్ధగా ఎందుకు చేరాయో అప్పుడు తెలిసింది.

చదివేవాడి పక్షానా చట్టం కొంత నిలిచింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయంమీద, ఆ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణంమీద దావా వేశాయి. విద్యార్థులూ అధ్యాపకులూ సంఘాలు కట్టి ఆ వ్యాజ్యంలో ప్రతివాదుల పక్షాన నిలబడ్డారు. బోధనకోసం తీసే ప్రతులు నేరం కాదని 2016 సెప్టెంబరులో హైకోర్టు దావా కొట్టివేసింది. డిసెంబరులో డివిజన్ బెంచి కొన్ని అంశాలు తిరిగి విచారించమన్నా ఆ సూత్రాన్ని వదలలేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా విరమించుకున్నారు.

చట్టం ఇంత చోటు ఇస్తుండగా మనం సంతకాలెందుకు పెడుతున్నాం? పాయింట్లకోసం. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో సైన్సు వ్యాసానికి 8, భాషా మానవీయ శాస్త్రాల వ్యాసానికి 10; పత్రిక 'ఇంపాక్ట్ ఫాక్టరు'ను బట్టి ఆపైన అదనం. నేరుగా అసోసియేట్ ప్రొఫెసరు కావాలంటే 75 కూడబెట్టాలి. వ్యాసంలో ఏమున్నదన్న ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు. అందుకే డబ్బు పుచ్చుకుని అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని ఏరడానికని కేర్ జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తివేశారు. నా ఫారం ఇంకా సొరుగులోనే వుంది. దరఖాస్తు గడువు మాత్రం నాకోసం ఆగదు.

'ఒకే దేశం ఒకే చందా'తో చిక్కు తీరిందని కొందరు మిత్రులంటున్నారు. 2024 నవంబరులో కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. మంచిదే, కాదనను. అయితే పంట మనది, కొట్టు వారిది, ధాన్యం కొనుక్కునేదీ మనమే. ఆ సంస్థల గోడ బయట వున్న పాఠకుడికి ఒక్క పుటా దక్కదు.

జర్మనీలో మరో దారి తొక్కారు. సగానికి తగ్గకుండా ప్రభుత్వ ధనంతో సాగిన పరిశోధనను పత్రికలో అచ్చువేసినా, 12 నెలల తర్వాత తన రాతప్రతిని లాభాపేక్ష లేకుండా అందరికీ అందించే హక్కు రచయితకు 2014నుంచి వున్నది. ఏ ఫారంమీద సంతకం పెట్టినా ఆ హక్కు పోదు. మన చట్టంలో అటువంటి సెక్షను లేదు.

అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. జీతభత్యాలపై తీర్మానాలు చేసే మన అధ్యాపక సంఘాలు ఒక నమూనా ఒప్పందం తయారుచేయవచ్చు: ఒకసారి అచ్చువేసే హక్కు పత్రికకు, తక్కినవి రచయితకు. 19వ సెక్షను అందుకు అడ్డురాదు. ఎంపిక సంఘంలో కూర్చునే పెద్దలు అభ్యర్థి వ్యాసాలు మూడైనా చదివి రావాలన్న కోరికా ఆ తీర్మానంలోనే చేర్చాలి.