బొంగు ముక్కల మీద గోళీ పరుగు

పోస్టు కొంచెం పొడవే, తీరిక చూసుకుని చదవండి. ఆఖర్లో మీకో పని కూడా ఉంది.

వేసవి సెలవుల్లో ఊరికొచ్చిన మేం ఏడుగురం, పిల్లల్ని వెంటేసుకుని, గోళీలు దొర్లే దారి ఒకటి కట్టాం. మార్బుల్ రన్ అంటారు, యూట్యూబ్‌లో చూసే ఉంటారు. పైన గోళీ వదిలితే వంపులు తిరుగుతూ, మెట్లు దిగుతూ కిందికొస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, ఎత్తు ఒక్కటే దాని పెట్రోలు. అసలు మజా అది విడి ముక్కల ఆట కావడంలో ఉంది. ఈ రోజు కట్టింది రేపు ఊడదీసి, అవే ముక్కలతో ఇంకో దారి కట్టొచ్చు.

బయట దేశాల్లో ఇది పెద్ద వ్యవహారం. స్విట్జర్లాండ్‌లో మథియాస్ ఎటర్ అనే ఆయన రూపొందించిన క్యూబోరోలో అన్నీ 5 సెంటీమీటర్ల చెక్క ఘనాలే. కొన్నింటికి పైన గాడి ఉంటుంది, కొన్నింటికి లోపల సొరంగం. గోళీ ఒక చోట కనబడుతుంది, ఇంకో చోట మాయమవుతుంది. జర్మనీ కంపెనీ రావెన్స్‌బర్గర్ 2017లో గ్రావిట్రాక్స్ తెచ్చింది. అందులో ఆరు మూలల పలకలు, పట్టాలు, ఎత్తు పెంచే దిమ్మెలు, ఇనుప గుండ్లు, గుండుని గుండుతో తన్నించే అయస్కాంత ఫిరంగి కూడా ఉన్నాయి. ధర చూశాక మేం మళ్లీ ఆ పేజీ తెరవలేదు. కానీ ఆ వీడియోలు చూసి చూసి మాకు అర్థమైందేంటంటే, వాళ్లు అమ్మేది ప్లాస్టిక్కో చెక్కో కాదు, కొలత. ఏ ముక్క తీసుకున్నా పక్క ముక్కకి అతుకుతుందనే ఒప్పందం. ఆ ఒప్పందం మనమూ పెట్టుకోవచ్చు కదా!

ముడిసరుకు వెతుక్కునే పనే లేదు. అరకు రోడ్డు మీద టూరిస్టులు బొంగు చికెన్ తినేసి పారేసే బొంగుల్తోనే మూడు మార్బుల్ రన్‌లు కట్టొచ్చు, కాకపోతే అవి కాలి పగిలి ఉంటాయి. మేం ఇంటి వెనక పొదలోంచే కొట్టుకున్నాం. (ఆ మాటకొస్తే 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో పెట్టింది. అడవి బయట పెరిగే వెదురు చెట్టు కాదని 2017లో 1927 నాటి అటవీ చట్టాన్నే సవరించారు. ఇది మన పిల్లలందరికీ తెలిసి ఉండాలి. సరే, గోళీ దగ్గరికొద్దాం.)

చిక్కల్లా వెదురు ఫ్యాక్టరీలో పుట్టకపోవడమే. ఒక బొంగు లావు ఇంకో బొంగుకి రాదు. అందుకని అందరి దగ్గరా ఉండే వస్తువుల్నే కొలతలుగా పెట్టుకున్నాం. పొడవుకి స్కూలు స్కేలు, అంటే 30 సెంటీమీటర్లు. వెడల్పుకి పది రూపాయల బిళ్ళ. దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. సగానికి చీల్చిన బొంగు నోటి మీద బిళ్ళ పెడితే లోపలికి జారాలి, కానీ వదులుగా ఆడకూడదు. ఈ పరీక్షలో నెగ్గని ముక్కలన్నీ పొయ్యిలోకి పోయాయి, సగానికి పైగా పోయాయి. కణుపు అడ్డొచ్చిన చోట ఉలితో చెక్కి ఉప్పుకాగితంతో రుద్దాం.

తర్వాత అతుకు. ముక్కని ముక్కకి ఆనించి పెడితే సన్నటి అంచు పైకి లేచినా చాలు, గోళీ ఎగిరి పక్కన పడుతుంది. దీనికి మందు నీళ్ల పైపుల్లో దొరికింది. పైపుకి ఒక చివర సాకెట్ ఉంటుంది చూడండి, అలాగే ప్రతి ముక్కకీ పై చివర లోపల గీకి వెడల్పు చేశాం, కింది చివర బయట చెక్కి పలచన చేశాం. పై ముక్క మూతి కింది ముక్క నోట్లో కూర్చుంటుంది. గోళీకి దారిలో ఎక్కే మెట్టు ఉండదు, దిగే మెట్టే ఉంటుంది. మూలల దగ్గర మాత్రం వెదురుతో పెట్టుకోకుండా పీవీసీ ఎల్బోలు వాడాం. మలుపులో గోళీ బయటి గోడెక్కుతుంది, ఎల్బో చుట్టూ మూసి ఉంటుంది గనక ఎగిరిపోదు.

వాలు ఎంత పెట్టాలన్నదాని మీదే ఎక్కువ వాదన జరిగింది. ముక్కకి 3 సెంటీమీటర్ల దిగుడు పెట్టుకున్నాం, అంటే పదికి ఒకటి. జారే వస్తువుకీ దొర్లే వస్తువుకీ తేడా ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే. దొర్లే గోళీ తన శక్తిలో ఏడింట రెండు వంతులు తిరగడానికే ఖర్చు పెట్టేస్తుంది, ముందుకెళ్లడానికి ఐదు వంతులే మిగులుతుంది. ఆ లెక్కన ఆగి ఉన్న గోళీ మొదటి ముక్క దాటడానికి 0.93 సెకండ్లు పట్టాలి. ఐదు ముక్కలు దిగేసరికి, అంటే 15 సెంటీమీటర్ల దిగుడుకి, వేగం సెకండుకి 1.45 మీటర్లు రావాలి. రాపిడి లేకుండా జారితే 1.7 వచ్చేది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూస్తే కాగితం మీది లెక్క కన్నా తక్కువే వచ్చింది. ఎందుకు తక్కువొచ్చిందని ఎనిమిదో తరగతి పిల్లలు పోట్లాడుకున్నారు చూడండి, మా సెలవుల్లో అంత మంచి సాయంత్రం ఇంకోటి లేదు. ఒకడు గరుకు అన్నాడు, ఒకతె అతుకుల దగ్గర టక్ టక్ మంటోంది కదా, ఆ చప్పుడు కూడా శక్తే కదా అంది.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న తాత ఒకాయన, "ఒరే గుంటల్లారా, ఇది మన ఊట నీళ్ల లైనే కదరా" అన్నాడు. నిజమే. కొండ మీది ఊట నుంచి ఊళ్లోకి నీళ్లు దింపే గ్రావిటీ పథకానికీ దీనికీ సూత్రం ఒకటే. పైపులు రాకముందు చీల్చిన వెదురు దోనెల్లోనే నీళ్లు దింపారని ఆయనే చెప్పాడు. లైను వేసేటప్పుడు వాలు చూసిన మనిషి ఆయన, చదువు మూడో తరగతి. మా దారిలో ఒక చోట వాలు పోయిందని కంటితోనే చెప్పాడు. స్కేలు పెట్టి చూస్తే అర సెంటీమీటరు తేడా!

ఇంతవరకూ సరదా. ఈ పోస్టు రాయాలనిపించింది మాత్రం ఆ తర్వాత జరిగినదానికి.

మా ఊరి ఆడపిల్లలిద్దరు దీన్ని ఒక సైన్స్ ఫెయిర్‌కి పట్టుకెళ్లారు. మాలో ఇద్దరం తోడు వెళ్లాం. అక్కడ వాళ్లకి హస్తకళల వరసలో బల్ల ఇచ్చారు. టౌను స్కూలు పిల్లలు కొన్న కిట్టుతో కట్టిన మార్బుల్ రన్ మాత్రం ఫిజిక్స్ వరసలో ఉంది. రెండింట్లోనూ గోళీ దొర్లేది ఒకే సూత్రం మీద. మా పిల్లల నోటుబుక్కులో వాలు, దూరం, టైము అన్నీ పట్టిక వేసి ఉన్నాయి. జడ్జి వచ్చి, "చాలా అందంగా ఉందమ్మా, మీ సంప్రదాయ కళ" అని మెచ్చుకుని వెళ్లిపోయారు. నోటుబుక్కు తెరవలేదు. వరస మార్చమని అడిగితే లిస్టు అయిపోయిందన్నారు. చిన్నమ్మాయి మా వైపు తిరిగి, "అక్కా, మనది సైన్సు కాదా?" అనడిగింది.

బుట్ట అల్లడం తక్కువని మేం అనట్లేదు. బుట్ట అల్లే మా అవ్వల వేళ్లలో ఉన్న లెక్క మాకింకా రాలేదు. కానీ కళ అనగానే ఎంత బాగుందో అంటారు, ఎలా పనిచేస్తుందని అడగరు. వెదురు పట్టుకున్న చేతికి లెక్క వచ్చని వాళ్లకి తోచదు. పిల్లలు మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. వచ్చిన ప్రతి ఒక్కర్నీ, గోళీ కిందికి ఎన్ని సెకండ్లలో వస్తుందో చెప్పండని అడిగి, వాళ్ల చేతే ఫోన్‌లో టైము పట్టించారు. మధ్యాహ్నానికి ఫిజిక్స్ వరస పిల్లలు తమ ఇనుప గుండ్లు తెచ్చి మా దారిలో వదులుతున్నారు. ప్రైజు రాలేదు.

ఇప్పుడు మీ పని. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి కలుస్తాం కదా. ఒక్కో ఊరి వాళ్లు నాలుగు ముక్కలు చేసి తెండి. పొడవు స్కేలంత, వెడల్పు పది రూపాయల బిళ్ళంత, పై చివర సాకెట్, కింది చివర పలచన. అరకుదైనా, భద్రాచలందైనా, ఉట్నూరుదైనా ఈ కొలతకి వస్తే దేనికది అతికిపోవాలి. ముక్క అడుగున ఊరి పేరు మీ భాషలో మీరు పిలిచేలాగే రాయండి. పక్కన దాని వాలు, గోళీ దాటే టైము రాసిన కాగితం పెట్టండి, అది లేని ముక్క తీసుకోం. నార కట్లు వద్దు, సైకిల్ ట్యూబ్ ముక్కలు చాలు, తొందరగా ఊడదీయొచ్చు. గోళీలు, ఎల్బోలు మేం తెస్తాం.