పాకాల తొవ్వలో మోతి, కర్రి

నర్సంపేట నుంచి కొత్తగూడ పోయే తొవ్వలో ఖానాపురం దాటినాక చెట్లు రెండు పక్కలా దగ్గరికొస్తాయి, గాలి మారుతుంది, ఎండుటాకుల వాసనలో ఎక్కడో నీటి వాసన కలిసి ముక్కుకు తగులుతుంది. బస్సు కిటికీ పక్కన కూచున్నవాళ్ళకు అది కాసేపటి ముచ్చటే. 1970లలో మా ఎడ్లబండికి మాత్రం అదొక పూట ప్రయాణం. తొలికోడి కూయకముందే బండి కడితే, ఎండ చురుక్కుమనే వేళకు పాకాల కట్ట కింద ఎడ్లను విప్పేవాళ్ళం. బండిలో నాయినమ్మ, అమ్మ, చిన్నమ్మ, పిల్లలం. తోలేది నాయిన. కర్ర పట్టుకుని ముందు నడిచేది తాత. బండి కింద, ఇరుసు నీడలో, మోతీ కర్రీ.

మోతి ఒంటిమీద తెల్లమచ్చలున్న ఎర్రకుక్క. కర్రి పేరుకు తగ్గట్టు నల్లది, తోక కొన మాత్రం తెలుపు. వాటిని ఎవరూ కొనలేదు, ఎవరూ తెచ్చి పెంచలేదు. ఒక వానకాలం కర్రి మా గడ్డివాము పక్కన ఈని అక్కడే ఉండిపోయింది, మోతి దాని కొడుకు. మక్కగట్క వండిన రోజు గిన్నెకు అడుగంటింది వాటిదే. దానిమీద ఇంత మజ్జిగ పోసి, వాకిట్లో రాతితొట్లో వేసేది అమ్మ. మాకూ అదే గట్క, అదే మజ్జిగ, కాకపోతే మాది అడుగంటనిది.

ఫలానా రోజు అడవికి పోతున్నామని వాటికి ఎవరు చెప్పేవాళ్ళో! ముందురోజు రాత్రి నాయినమ్మ చింతపండు నానేసినా, నాయిన ఇరుసుకు కందెన రాసినా మోతికి అర్థమైపోయేది. ఇక ఆ రాత్రి అది పడుకునేది కాదు, బండి చుట్టూ తిరిగి తిరిగి చక్రానికి వీపు ఆనించి కూచునేది. కర్రి పెద్దది కాబట్టి అంత ఆత్రం లేదు. ఎడ్ల మెడల్లో గంటలు మోగేదాకా అరుగు కిందే ఉండి, అప్పుడు లేచి ఒళ్ళు విరుచుకుని, దారి తనకే బాగా తెలుసన్నట్టు నడిచి వచ్చేది.

బండి కింద కుక్క బండంతా తానే మోస్తున్నాననుకుంటుందని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళు కుక్కను చూశారు గానీ ఎండకాలపు తొవ్వను చూడలేదనిపిస్తుంది నాకు. ఎర్రమట్టి కాలిపోతుంటే, ఆ తొవ్వ పొడుగునా కదిలే నీడ ఒక్క బండి కిందే ఉంటుంది. మా కుక్కలు ఆ నీడలో ఎడ్ల అడుగులకు తమ అడుగులు కలిపి నడిచేవి. చక్రం కిందికి కాలు పోనివ్వకుండా, ఎద్దు తోక తగలకుండా అన్నేసి మైళ్ళు నడవడం కూడా ఒక విద్యే. బండి వెనక పలకమీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, వాటి వీపులు చూస్తూ పోవడం అక్కకూ నాకూ ఇష్టం. దుమ్ము కళ్ళల్లో పడేది, చిన్నమ్మ కాళ్ళు పట్టి వెనక్కి లాగేది, మళ్ళీ పోయి అలాగే పడుకునేవాళ్ళం.

ఊరికే తిరిగి రావడానికి అడవికి పోవడమనేది మా ఇండ్లల్లో లేదు. పని ఉంటేనే అడవి, ఆ పనిలోనే పండుగ. వానలు పడితే పుట్టకొక్కులూ బోడకాకరకాయలూ, చలి మొదలైతే సీతాఫలాలు, శివరాత్రి దాటితే మోదుగ పూలు పూసి అడవంతా ఎర్రబడేది, ఆ వెనకాలే ఇప్పపూవు, మొర్రిపండ్లు, తునికిపండ్లు. ఏ కాలంలో పోయినా అమ్మ మోదుగాకు మాత్రం తేకుండా వచ్చేది కాదు. ఇంటికొచ్చినాక విస్తర్లు కుట్టి, బరువు పెట్టి, దొంతర్లు దొంతర్లుగా అటకమీద దాచేది.

కార్తీకమాసంలో పోయేది ఒక్కటే వేరు. ఆ రోజు ఏ పనీ లేదు, ఉసిరిచెట్టు కింద వండుకుని తినిరావడమే. మూడు రాళ్ళు పెట్టి, ఎండుపుల్లలు ఏరి, ఇత్తడి గిన్నెలో బియ్యం పోస్తే ఆ పొగలో అన్నానికి ఇంట్లో రాని రుచి వచ్చేది. ముద్దపప్పు, పచ్చిపులుసు, వంకాయకూర. ఆ నెలంతా నాయినమ్మ నీసు ముట్టనిచ్చేది కాదు, కుక్కలక్కూడా ఆ రోజు పప్పన్నమే. ముందు ఉసిరిచెట్టు మొదట్లో దీపం పెట్టి, ఆకులో ఇంత అన్నం దేవుడికి తీసి, తర్వాత రెండు ముద్దలు కలిపి పక్కన రెండు ఆకుల్లో పెట్టేది. మాకు ఆకలి దంచేస్తుంటే "ముందు మాకు పెట్టు నాయినమ్మా" అని గునిసేవాళ్ళం. "నోరున్నోళ్ళు అడిగి తింటరు బిడ్డా, నోరులేనిది ఎట్ల అడుగుతది?" అనేది. మోతి అటు పక్కకు తిరిగి కూచునేది, ముద్ద వైపు చూడకూడదని దానికది పెట్టుకున్న మర్యాద. నాయినమ్మ "తిను" అన్నదాకా ముట్టేది కాదు.

భోజనాలయ్యాక పిల్లలమంతా కట్టమీదికి. మూడు పక్కల గుట్టలు, నాలుగో పక్క ఈ కట్ట, మధ్యలో కంటికి ఆనినంత నీళ్ళు. కట్ట ఎవరు కట్టించారంటే తాత "కాకతి రాజులు" అని ఊరుకునేవాడు. గణపతిదేవ చక్రవర్తి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన చెరువనీ, కట్టించింది జగదాల ముమ్మడి అనీ నేను పెద్ద బళ్ళోకి పోయినాక చదువుకున్నాను. నిండితే 30 చదరపు కిలోమీటర్ల నీళ్ళు. నీటిమట్టం 30 అడుగులు దాటిందంటే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్ళే మున్నేరై ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తాయి. ఇవేవీ తెలియని రోజుల్లో కూడా, మత్తడి దుంకుతున్నదని కబురొస్తే ఊర్లో పెద్దల మొహాలు విచ్చుకోవడం తెలుసు. ఆ యేడు రెండు పంటలు పండుతాయి, మా అందరికీ కొత్తబట్టలొస్తాయి.

నీళ్ళ దగ్గర తాతది ఒకటే కట్టడి. చెరువులో మొసళ్ళున్నాయి, అవి మనిషికన్నా ముందు కుక్క వాసన పడతాయి, కాబట్టి కుక్కల్ని లోతు వైపు పోనివ్వొద్దు. మత్తడి రాళ్ళ దగ్గర పలుచగా పారేచోటనే అవి నీళ్ళు తాగాలి. నీటికాకులు రెక్కలారబెట్టుకుంటూ మొద్దుమీద కూచుంటే మోతికి ఒళ్ళు నిలిచేది కాదు, ఉరికేది. తాత గొంతు ఒక్కటి వినిపిస్తే చాలు, ఎక్కడిదక్కడ ఆగి, తోక ఊపుతూ మళ్ళీ మా మధ్యకొచ్చి ఒళ్ళు విదిలించుకునేది. ఆ తడికుక్క వాసన, బురద వాసన, మా తడిసిన లంగాల వాసన అన్నీ కలిసి ఒకటే వాసన. తడికుక్క వాసనను కంపు అనేవాళ్ళతో నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అసలు కుక్కల అక్కర తెలిసేది తునికాకు కాలంలో. మాఘం దాటినాక పొదలు నరికి వదిలితే, ఎండలు ముదిరేసరికి లేతా ముదురూ కాని ఆకు వస్తుంది. అది కోయడానికి చీకటి ఉండగానే పోవాలి, పొద్దెక్కితే అడవిలో నిలవలేం. మధ్యాహ్నం ఇంటికి తెచ్చి, నీడన కూచుని, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పాలి. ఇంటిల్లిపాదీ చెయ్యి వేయాల్సిందే. ఆ పైసలతోనే బడి పుస్తకాలు, తాతకు ముక్కుపొడి. సరిగ్గా అదే కాలంలో ఇప్పపూవు రాలుతుంది, ఆ పూవుకోసం గుడ్డెలుగు వస్తుంది. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద తెల్లగా రాలిన పూల మీద మంచు పడి, తియ్యగా, కొంచెం పులిసినట్టు ఒక వాసన తేలుతుంటుంది. ఆ వాసన మాకెంత ఇష్టమో ఎలుగుకూ అంత ఇష్టం.

ఒకసారి అలాగే పోతుంటే ముందున్న కర్రి ఆగింది. మొరగలేదు. మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఒక కాలు పైకెత్తినది ఎత్తినట్టే నిలబడింది. తాత చెయ్యి చాపి మమ్మల్ని అందర్నీ ఆపాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పొదలు కదిలి, కొమ్మలు విరిగి, ఏదో బరువైనది గుట్ట వైపు పోయిన చప్పుడు. కర్రి కాలు దించాకనే తాత నడిచాడు. "మొరిగే కుక్కతోని భయంలేదు బిడ్డా, మొరగకుంట నిలవడ్డ కుక్కను చూసి ఆగాలె" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు గానీ నా చెయ్యి ఆ పొద్దంతా వదల్లేదు. ఆకుకోత మాత్రం ఆగలేదు, ఆ రోజు కట్టాల్సిన కట్టలు ఆ రోజే కట్టాం.

ఇంటికొచ్చాక కుక్కలకు మరమ్మతు. ఒళ్ళంతా ఉత్తరేణి గింజలు పట్టుకుని ఉండేవి. చెవుల్లో, మెడ మడతల్లో గోమార్లు. నాయినమ్మ అరుగుమీద కాళ్ళు చాపుకుని కూచుని, కొబ్బరిచిప్పలో గాసునూనె పోసుకుని, ఒక్కొక్క గోమారినీ గోళ్ళతో పీకి అందులో వేసేది. మోతి కాలివేళ్ళ సందులో పల్లేరుకాయ విరిగిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మ దాని ముందుకాలు తన ఒళ్ళో పెట్టుకుని, గాజులకున్న పిన్నీసు తీసి, దీపం దగ్గరికి జరగమని నాతో చెప్పింది. మెత్త వాచి, ముల్లు మొన నల్లగా చర్మం కింద కనిపిస్తున్నది. అమ్మ చుట్టూ మెల్లగా కెలుకుతుంటే మోతి నొప్పికి పళ్ళు బయటపెట్టి అమ్మ మణికట్టును నోట పట్టుకుంది. కొరకలేదు, పట్టుకుని ఉంది, అంతే. అమ్మ కూడా చెయ్యి తీయలేదు. "అయిపోయింది నాయినా, అయిపోయింది" అని మాకు జ్వరమొచ్చినప్పుడు అనే గొంతుతోనే అంటూ ముల్లు పైకి తీసి, ఆముదంలో పసుపు కలిపి అద్దింది. అప్పుడు గానీ మోతి మణికట్టు వదల్లేదు.

కర్రి ఒక చలికాలం పోయింది. పొద్దున లేచేసరికి దొడ్డి ముళ్ళకంచె ఒకచోట తొలగి ఉంది, బయట మెత్తటి నేలమీద చిరుత అడుగులున్నాయి. అడవి పక్కన ఊర్లల్లో అది అందరికీ తెలిసిన సంగతే, ఏటా ఏదో ఒక ఇంట్లో కుక్కో మేకపిల్లో పోయేది. నాయిన కంచె బాగుచేశాడు. ఆ వారంలో అడవికి పోయినప్పుడు నాయినమ్మ అలవాటు కొద్దీ రెండు ముద్దలు కలిపింది. మోతి ఒకటి తిని, రెండోది అలాగే వదిలి వచ్చింది. కర్రి పిల్లలు మా చుట్టాల ఊర్లన్నిట్లో ఉండేవి. ఏ పెండ్లికి పోయినా వాకిట్లో తెల్లకొన తోక ఊగుతూ ఎదురొస్తే, ఆ ఇంట్లోవాళ్ళకన్నా ముందు దాన్నే పలకరించేవాళ్ళం.

పాకాలను అభయారణ్యంగా 1952లోనే ప్రకటించారు. ఇప్పుడు మా చిన్నతనంలో మాదిరి కుక్కల్ని వెంటబెట్టుకుని పోవడం కుదరదు, కుదరకూడదు కూడా. ఊరకుక్కల రోగాలు అడవి జంతువులకు అంటుకుంటే మందలకు మందలే పోతాయి. తమ్ముడి కొడుకు కారు తీసేముందు వాళ్ళ కుక్కను పెరట్లో కట్టేసి, నీళ్ళు పెట్టి వస్తాడు. అది సరైన పనే. కట్టమీదికి చేరాక పిల్లలు నా చుట్టూ మూగి అడిగేది మాత్రం మోతి గురించే. పోయిన కార్తీకంలో మనవరాలు, "అమ్మమ్మా, మోతికి ఈతొచ్చా?" అన్నది.

రాకేం! ఒక ఎండకాలం చిన్నాయిన మత్తడి రాళ్ళమీద కూచుని గాలం వేస్తుంటే, సుడిగాలి వచ్చి ఆయన తలకు చుట్టుకున్న కొత్త తువ్వాల ఎగిరిపోయి నీళ్ళమీద పడింది. చిన్నాయిన లేచేలోపల మోతి దూకనే దూకింది. తాత "అరేయ్ మోతీ, రారా, మొసలిరా!" అని కట్టంతా దద్దరిల్లేటట్టు అరుస్తున్నాడు, అమ్మా చిన్నమ్మా రాళ్ళు తీసుకుని చప్పుడయ్యేట్టు నీళ్ళలోకి విసురుతున్నారు, మేం ఏడుపు లంకించుకున్నాం. మోతి తల ఒక్కటే పైకి కనిపిస్తూ, చెవులు వెనక్కి వాల్చి, నింపాదిగా పోయి తువ్వాల కొస పట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ అంతే నింపాదిగా వచ్చి తాత కాళ్ళ దగ్గరే పడేసింది. తాత ముందు మోతిని తిట్టాడు, తర్వాత గాలం పక్కన పెట్టమని చిన్నాయినను ఇంకా గట్టిగా తిట్టాడు, ఆ తర్వాత అదే తువ్వాలతో మోతి ఒళ్ళు తుడిచాడు. పొద్దున పడ్డ కొర్రమట్టలతో ఆ రోజు పులుసు పెట్టారు. చిన్నాయిన వంతుకు తలకాయ ముక్క రావాల్సింది. నాయినమ్మ దాన్ని తీసుకుపోయి మోతి ఆకులో పెట్టింది, చిన్నాయిన కూడా వద్దనలేదు.