మా పాత కంప్యూటర్‌కి నెట్ వచ్చిన రోజు

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా హాస్టల్‌లో డెబియన్ లినక్స్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటుంది. పిడుగు పడినప్పుడు దాని నెట్ పోర్టు కాలిపోయింది. తర్వాత ఎవరో పాత పీసీఐ కార్డు ఒకటి బిగించారు గానీ నెట్ రాలేదు. పాత సామాన్లకు వేసేద్దాం అన్నారు అందరూ.

అప్పటికి స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి నాలుగు రోజులే ఉంది. 11 మంది జూనియర్లు మిగిలారు. ఫోన్‌లో సర్టిఫికెట్లు ఎక్కట్లేదు. బయట నెట్ సెంటర్‌లో మనిషికి వంద అడుగుతున్నారు.

నిజం చెప్తున్నా, నాకు భయమేసింది. కాలేజీకి వచ్చేదాకా మౌస్ పట్టుకోలేదు నేను. ఏమన్నా అయితే వీడే చెడగొట్టాడంటారు. అయినా కూర్చున్నా.

ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8139 అని వచ్చింది. అంటే కార్డు బతికే ఉంది. ఐపీ లింక్ కొడితే మాత్రం 'లో' ఒక్కటే కనిపించింది. డ్రైవర్ ఎక్కలేదన్నమాట. డీమెసేజ్‌లో 8139 అని వెతికితే ఒక లైన్ దొరికింది. ఇంతకుముందు ఇంగ్లీషులో ఎర్రర్ వస్తే నన్ను తిడుతున్నట్టే ఉండేది, వెంటనే మూసేసేవాణ్ని. ఈసారి ఒక్కో పదం చదివా. ఇది 8139సీ ప్లస్ రకం చిప్ కాదు, 8139టూ వాడమని ఉంది! ఈ చిప్‌లకు లినక్స్‌లో రెండు డ్రైవర్లు. సీ ప్లస్ రకానికి 8139సీపీ, మామూలు వాటికి 8139టూ.

సుడో మోడ్‌ప్రోబ్ 8139టూ కొట్టా. కార్డు పేరు వచ్చింది. దాన్ని అప్ చేస్తే నో క్యారియర్ అంది. గంటసేపు కమాండ్లతో కొట్టుకున్నా. చివరికి చూస్తే కేబుల్ క్లిప్పు విరిగి వదులుగా ఉంది! వేరే కేబుల్ పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. కాసేపటికి ఐపీ అడ్రస్ కూడా వచ్చింది.

రీబూట్ చేస్తే మళ్లీ పోయింది. ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఎవరో 8139టూని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి వదిలేశారు. చేత్తో ఎక్కిస్తే ఎక్కుతుంది, తనంతట తాను ఎక్కదు. ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టా. అప్పట్నుంచి ఇబ్బంది లేదు.

ఆ కార్డు స్పీడు 100 ఎంబీపీఎస్ వరకే. మా ఫారాలకు అది చాలా ఎక్కువ. రెండు రాత్రుల్లో 11 మందివీ అయిపోయాయి.

మీ హాస్టల్‌లో కూడా మూలపడ్డ కంప్యూటర్ ఉంటే, అమ్మేసే ముందు ముందుగా కేబుల్ చూడండి. తర్వాత ఆ మూడు కమాండ్లు కొట్టి, వచ్చింది మొత్తం చదవండి.