స్నేహితురాండ్రతో హోటలు భోజనము

సోదరీమణులారా, పెనముమీదినుండి దిగిన దోసెను దిగిన తక్షణమే కూర్చుండి తిని మీకు ఎన్నాళ్లయినది? మాటవరుసకు అడుగుట గాదు. ఒక్క నిమిషము ఆలోచించి చూడుడు. ఇంటిలో దోసెలు పోయువారము మనము. మొదటిది పిల్లవానికి, రెండవది ఆయనకు, మూడవది మామగారికి, మరల పిల్లవానికి. మన వంతు వచ్చునప్పటికి పిండి గిన్నె యడుగంటును. పొయ్యి ఆర్పివేసి, నిలువుకాళ్లమీదనే రెండు ముక్కలు నోట వేసికొని పనిలో పడుదుము. ఇందులో ఒకరి తప్పు అనుటకు లేదు. దోసె పోయు చేతికి తినుటకు తీరిక చిక్కదు, అంతియే. మేమును ఏబది యేండ్లు దాటువరకు దీనిని గూర్చి తలంచి యెరుగము. తలంపునకు వచ్చిన సందర్భమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము నలుగురము. పూర్వులు ఆదవాని యని పిలిచిన ఆదోనిలో ఒక్క బడిలో చదువుకొన్నవారము. ముగ్గురము ఆ యూరనే కాపురములు చేసికొంటిమి. నాలుగవ యామె, గంటసేపటి బస్సు ప్రయాణములో నున్న ఎమ్మిగనూరునకు కోడలై పోయెను. బడిలో మాకంటె ఒక తరగతి పైన నుండుటచే ఆమెను నేటికిని అక్కా యనియే పిలుతుము. ఎమ్మిగనూరు మగ్గముల యూరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట నేతగాండ్ర సహకార సంఘ మేర్పడినది. అక్క మెట్టినది నేతవారి యిల్లు. వంట, బిడ్డలు, కండెలు చుట్టుట, ఈ మూటితోనే ఆమె దినములు గడచినవి. మా మువ్వురి యిండ్లకు పత్తి వ్యాపారమే ఆధారము గనుక చేతిలో కొంచెము రొక్కమాడును. ఈ భేదమును మేమెన్నడును లెక్కించి యుండలేదు. లెక్కింపకపోవుటయే ఒకనాడు మాచేత తప్పు చేయించినది. ఆ సంగతి ముందు చెప్పెదము.

మా ప్రాంతపు ఫలహారము ఉగ్గాణి. ఎరుగని జిల్లాల సోదరీమణుల కొరకు చెప్పుచున్నాము. బొరుగులను నీట తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన పోపులో కలిపి, పుట్నాలపొడి చల్లి, నిమ్మరసము పిండుదురు. ప్రక్కన మిరపకాయ బజ్జి లేనిచో దానిని ఉగ్గాణి యని యెవరును తినరు. కన్నడమున పోపును ఒగ్గరణె యందురు. మా ఉగ్గాణి ఆ మాటకు చుట్టమే యని మా తలంపు. సరిహద్దున నున్నవారము గనుక మాకు మాటయు, తిండియు రెండు వైపులనుండి వచ్చినవి.

పత్తి దినములలో ఆదోని మార్కెట్టుయార్డు తెల్లని గుట్టలతో నిండును. రైతులు, హమాలీలు, దలాలులు తెల్లవారకమునుపే హోటళ్లలో ఉగ్గాణి తినుచుందురు. పత్తిమిల్లులకు కూలికి పోవు స్త్రీలును తోపుడుబండియొద్ద నిలిచి, నవ్వుకొనుచు తిని పోవుదురు. మర్యాదస్థులమని యనుకొను మా యిండ్ల స్త్రీలము మాత్రము పిల్లవానిని పంపి పార్సెలు తెప్పించుకొందుము. పొట్లము ఇల్లు చేరునప్పటికి బజ్జి మెత్తబడును. హోటలులో కూర్చుండరాదని మమ్ము నిషేధించినవారు లేరు; మేమే పోలేదు. పూర్వము అనేక హోటళ్లలో ‘ఫ్యామిలీ రూము’ అని యొక మూల తెర కట్టెడివారు. అది భర్తవెంటనో తండ్రివెంటనో వచ్చిన స్త్రీకి చోటు. స్త్రీలు నలుగురు తమంతట తాము వత్తురని ఆ తెర కట్టినవారు తలంచి యుండరు. నేడా తెరలు చాలవరకు పోయినవి గాని, మా మనసులలోని తెర యట్లే నిలిచినది.

మాలో నొకరి కుమార్తె బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నది. గడచిన మాఘమాసమున ఆ పిల్ల మమ్ము నలుగురిని నాలుగు దినములు తన యింటికి రమ్మనెను. మా నాలుగిండ్లలోను పుట్టిన మొదటి ప్రశ్న ఒక్కటే: ‘అన్ని దినములు వంట ఎవరు చేయుదురు?’ దానికి సమాధానములు కుదుర్చుకొని, ముంబైనుండి గుంతకల్లుమీదుగా బెంగుళూరు పోవు రాత్రిబండి ఎక్కితిమి. అక్క జొన్నరొట్టెలు, వేరుసెనగల పొడి మూట కట్టుకొని వచ్చెను. తినుటకై పోవుచు తిండి మోసికొని పోవుట చూచి నవ్వితిమి. కాని తెల్లవారునప్పటికి మూట ఖాళీ చేసినదియు మేమే.

మొదటి యుదయమున బసవనగుడిలోని గాంధీబజారునందలి విద్యార్థిభవనమునకు పోయితిమి. అది 1943లో ఆ చుట్టుపట్ల చదువుకొను విద్యార్థుల కొరకు పెట్టిన చిన్న ఫలహారశాల. నేడును చిన్నదియే. వెలుపల చాలసేపు వేచియుండిన తరువాత చోటు దొరకెను. వడ్డించువాడు ఒక్క చేతిమీద దోసెల పళ్లెములను వరుసగా పేర్చుకొని వచ్చుటను చూచి మేము నోరు తెరచితిమి. అతడు వంటకముల పేర్లు ఒక్క గుక్కలో చదివి, అక్కవైపు తిరిగి, ‘మీకేమి కావలెనమ్మా?’ అని అడిగెను. అక్క మా ముఖములు చూచెను. “మీరేమి తింటే అదే,” అనెను. ‘నీకేమి ఇష్టమో చెప్పక్కా’ యని మేము పట్టుబట్టితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “నాకేమి ఇష్టమో తెలియదే,” అనెను.

ఆ మాట హాస్యమునకు అన్నది గాదు. అత్తగారికి ఉప్పు తక్కువ, మామగారికి కారము ఎక్కువ, పెద్దవానికి వంకాయ పడదు, చిన్నదానికి పెరుగు లేనిదే ముద్ద దిగదు. ఇన్ని నాలుకల రుచులు ఆమెకు కంఠస్థము. తన నాలుక సంగతి మాత్రము ముప్పదియేండ్లుగా ఎవరును అడుగలేదు, ఆమెయు అడిగికొనలేదు. మేమును మాలో మేము ఆ ప్రశ్న వేసికొంటిమి. నలుగురిలో ఒక్కరము మాత్రమే తడుముకొనకుండ జవాబు చెప్పగలిగితిమి. అంతలో దోసెలు వచ్చినవి. పైన కరకరలాడుచు, లోన మెత్తగా, నేతి వాసనతో, చేయి పెట్టలేనంత వేడిగా నుండినవి. అక్క తలయెత్తక తినెను.

మరునాడు లాల్‌బాగునకు సమీపమున నున్న మావళ్లి టిఫిన్ రూమ్స్‌నకు పోయితిమి. ఉడిపి ప్రాంతమునుండి వచ్చిన మయ్య సోదరులు 1924లో దీనిని స్థాపించిరి. మొదటి పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్బు. 1960లో ఈ పేరు వచ్చినది. అచ్చటి రవ్వ ఇడ్లీకి ఒక కథ కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి బియ్యము మన దేశమునకు రాకపోయెను. బియ్యము దొరకని ఆ దినములలో గోధుమరవ్వతో ఇడ్లీ చేసి చూచితిమనియు, అదియే నేటి రవ్వ ఇడ్లీ యనియు ఆ హోటలువారు చెప్పుదురు. వినగానే అక్క, “ఇందులో ఏమి వింత? ఇంట్లో బియ్యం లేనప్పుడు మనం చేసేదీ అదే కదా,” అనెను. నిజమే. లేమినుండి రుచి పుట్టించుట ఇల్లాండ్రకు నిత్యకృత్యము. ఉగ్గాణిని మొదట చేసిన తల్లి యెవరో, మిగిలిన బొరుగులను చూచి ఏమి తలంచెనో! హోటలులో పుట్టిన వంటకమునకు చరిత్ర కలదు. వంటింట పుట్టినదానికి పేరైన మిగులలేదు. నాడు అక్క, ఎవరును అడుగకముందే, “నాకింకొక ఇడ్లీ కావాలి,” అని చెప్పెను. ఆ ‘కావాలి’ యను మాట వినుటకే అంత దూరము పోయితిమేమో యని మాకు తోచెను.

మూడవనాటి రాత్రి మా తప్పు జరిగినది. ఒక గొప్ప మేడమీది హోటలును, పేరు చెప్పుట అనవసరము, మేము ముగ్గురమే నిర్ణయించితిమి. అక్క సరే యనెను. వంటకముల పట్టిక చేతికి రాగానే ఆమె చూపు పేర్లమీద గాక ధరలమీద నిలుచుటను మేము చూచియు చూడనివారమైతిమి. “ఆకలిగా లేదు,” అని ఆమె ఒక గిన్నెడు సూపు మాత్రము తెప్పించుకొనెను. మేము తృప్తిగా తింటిమి. బిల్లు వచ్చెను. ఎప్పటివలె నాలుగు భాగములు చేయగా తలకు పండ్రెండు వందల రూపాయలకు పైబడెను. అక్క మారుమాటాడక చేతిసంచిలోని గుడ్డముడి విప్పి, మడతలు పడిన నోట్లు లెక్కించి ఇచ్చెను. మేము పుచ్చుకొంటిమి.

తిరుగు బండిలో మాలో నొకరు, “మనుమరాలికి గజ్జెలు కొంటానంటివే, ఏవీ?” అని అడుగగా, “తర్వాత కొందునులే,” అని ఆమె కిటికీవైపు తిరిగెను. అప్పుడు గాని మాకు తెలియలేదు. ఆ నోట్లు కండెలు చుట్టి కూడబెట్టినవి. గుంతకల్లు దాటువరకు మాలో నెవ్వరికిని మాట రాలేదు. తుదకు ఆ సొమ్ము తిరిగి యీయబోగా ఆమె చేయి చాపలేదు. “మీతో కూర్చున్నాను కదా, అది ఊరకే పోయిందా?” అనెను. బలవంతపెట్టియుండిన మరియొక తప్పు చేసినవారమై యుందుము.

స్నేహితురాండ్రతో హోటలునకు పోదలచిన సోదరీమణులకు మా యనుభవమువలన చెప్పదగిన దిదియే. అందరి చేతిలోని రొక్కము సమానము గాదు. ‘సమానముగా పంచుకొందము’ అను మాట న్యాయముగా వినబడును గాని, తక్కువ కలిగినదానిని అదియే ఎక్కువ నొప్పించును. ఒకరు అందరికిని ఇచ్చివేయుట ఉపకారము. స్నేహమునకు ఉపకారము బరువు. కావున ఊరు చేరినపిమ్మట మేమొక చీటీ పెట్టుకొంటిమి. నెలకు తలకు నూరు రూపాయలు. డబ్బా అక్కయొద్ద నుండును. ఎచ్చటికి పోవలెనో ఆమెయే చెప్పును. డబ్బాలో నున్నంతవరకే తినుట. మించినచో కాఫీతో లేచుట.

బయటి తిండి ఆరోగ్యమునకు మంచిది కాదందురు. మాటిమాటికి తిన్నచో నిజమే. నెలకొకసారి యైనచో బాధ లేదు. ఇంటి వంటమీద మనసు పోవునందురు. మాకు జరిగినది వేరు. ఒకరు వండి వడ్డింపగా తినుట యెంత సుఖమో తెలిసినపిమ్మట, ఆదివారమునాడు దోసెల పెనమును పిల్లల చేతికిచ్చి మేము ముందు కూర్చుండుట నేర్చితిమి. వారి దోసెలు వంకరయే. వేడిగా నుండుట చాలును.

ఇక మా యూరి సంగతి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 15వ అధికరణము, కులమతములను బట్టి గాని, స్త్రీ పురుష భేదమును బట్టి గాని, ఎవరికిని దుకాణములలోను హోటళ్లలోను ప్రవేశమునకు అడ్డు చెప్పరాదని స్పష్టముగా పలుకుచున్నది. హోటళ్లకు కులము పేరు పెట్టుకొనిన కాలమును చూచినవారు వ్రాసిన మాట అది. అంత పెద్ద చట్టము తలుపు తెరచి యుంచగా, మేము మా వీథి చివర హోటలులో కూర్చుండుటకు సిగ్గుపడి, ఎవరును మమ్మెరుగని బెంగుళూరునకు రాత్రియెల్ల ప్రయాణము చేసితిమి!

చీటీలో మొదటి నెల సొమ్ము చేరినపుడు, ‘ఎచ్చటికి పోదమక్కా?’ యని అడిగితిమి. “ఆదోనిలోనే, ఉగ్గాణి,” అని ఆమె తడుముకొనకుండ చెప్పెను. ఆదివారము ఉదయపు బస్సులో వచ్చెను. నలుగురము లోనికి పోయితిమి. బల్లలయొద్దనున్న మగవారు కొందరు తలలెత్తి చూచి, మరల తమ పళ్లెములలోనికి చూచుకొనిరి. అంతకంటె ఏమియు జరుగలేదు. ఇన్నేండ్లు భయపడినది దీనికేనా యని మాకు నవ్వు వచ్చినది. యజమాని వాడుక చొప్పున పొట్లము కట్టుటకు కాగితము తీయుచు, “పార్సెలా అమ్మా?” అనెను.

“కాదు నాయనా, ఇక్కడే తింటాము. బజ్జీలు వేడిగా వేయించు,” అని అక్క బల్లయొద్ద కూర్చుండెను.

వచ్చు నెల వంతు ఎమ్మిగనూరుది.