ఇంట్ మ్యాక్స్ పూర్వాశ్రమం

2147483647. కోడ్ రాసే ప్రతివాడికీ ఇది ఇంట్ మ్యాక్స్. అర్రేలో కనిష్ఠం వెతకాలంటే ముందు దీన్నే పెట్టి లూప్ మొదలెడతాం. 32 బిట్లలో ఒకటి గుర్తుకి పోగా మిగిలిన 31లోనూ ఒకట్లే నింపితే వచ్చేది, అంటే 2³¹−1. ఇది ప్రధాన సంఖ్యేనా అని మాత్రం మా బ్యాచ్‌లో ఎవరూ అడగ్గా నేను వినలేదు.

ప్రధాన సంఖ్యే. రుజువు చేసింది ఆయిలర్, 1772లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది.

31 ప్రధానం కాబట్టి ఇదీ అంతే అనుకుంటే కుదరదు. 11 కూడా ప్రధానమే, కానీ 2¹¹−1 అంటే 2047, 23×89గా విడిపోతుంది. కాబట్టి వర్గమూలం దాకా, అంటే 46340 దాకా, భాగించి చూడాల్సిందే. ల్యాప్‌టాప్‌కైతే రెప్పపాటు పని. చేత్తో అయితే? ఆ లోపు ప్రధాన సంఖ్యలే 4,700 పైన ఉన్నాయి!

ఆయిలర్ తెలివంతా ఇక్కడుంది. ఏదైనా ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తోందనుకుందాం. దానితో 2 ఘాతాల శేషాలు తీస్తూ పోతే 31 అడుగులకోసారి 1 వస్తుంది. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, భాజకం కంటే ఒకటి తక్కువైన ఘాతం దగ్గర కూడా 1 రావాలి. అంటే భాజకంలోంచి ఒకటి తీసేస్తే 31తో తెగాలి. భాజకం బేసి కాబట్టి 62తోనూ తెగాలి. ఇలాంటిదే ఇంకో వాదన ప్రకారం, భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవే మిగులుతాయి. వాటిలో ప్రధాన సంఖ్యలు ఓ ఎనభై వరకు, అంతే.

నేను ఊరుకోలేక కాగితం తీశాను. మొదటిది 311, శేషం 35. తర్వాత 1303, శేషం 226. 1489కి 199. మూడింటికే చెయ్యి లాగింది. రూమ్మేట్ తొంగి చూసి, "ఇవన్నీ ప్లేస్‌మెంట్స్‌లో అడుగుతారా మామా?" అన్నాడు.

వాడి ప్రశ్న కొత్తదేం కాదు. ఈ సంఖ్యని 2³⁰తో గుణిస్తే ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంతకన్నా పెద్దది ఎప్పటికీ దొరకదనీ, ఉపయోగం లేనివాటి కోసం అంత శ్రమ ఎవరూ పడరనీ 1811లో పీటర్ బార్లో రాశాడు. 1876లో ల్యూకా ఏకంగా 39 అంకెల 2¹²⁷−1 ప్రధానమని తేల్చాడు.

ఇక ఉపయోగం మాటకొస్తే, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఒక ర్యాండమ్ జనరేటర్ ఉంది. చేతిలో ఉన్న సంఖ్యని 16807తో గుణించడం, 2147483647తో భాగించి శేషం తీసుకోవడం, దాని పనంతా ఇదే. భాజకం ప్రధానం, 16807 ఏరి కోరి ఎంచింది. అందుకే 1 నుంచి 2147483646 దాకా ప్రతిదీ ఒక్కోసారి వచ్చాకే మొదటిది మళ్లీ వస్తుంది.

ఇదంతా వాడికి చెప్పాను. "అయితే ర్యాండమ్ మీద అడుగుతారన్నమాట" అని నోట్స్‌లో రాసుకున్నాడు.

నేను 2543 దగ్గరున్నాను. ఇంకా డెబ్బై పైనే ఉన్నాయి.